ఒక్క గొడుగులో నడక

ఫోన్ మోగేసరికి కొత్త కోడలు వంటింట్లో స్టూలెక్కి, పై అరలో తన గాజు సీసాలను ఎత్తుల వారీగా పేర్చుకుంటోంది. పెళ్ళై నలభై మూడు రోజులు. అత్తవారింట్లో తనకంటూ ఒక అర మొత్తం దొరకడం ఆమెకు ఇంకా ముచ్చటగానే ఉంది. కాపురానికి వచ్చిన రోజునే అది తుడిచినట్టు ఖాళీగా కనిపించింది. తనకోసమే ఖాళీ చేసిపెట్టారనుకుని ఆ రోజంతా మురిసిపోయింది.

"డాక్టరుగారు స్కానింగు చూశారండీ. మాస్టారికి ఆపరేషన్ అక్కర్లేదట. నిదానంగా చేసే కసరత్తు, రోజూ కాస్త నడక చాలన్నారు. మన పెద్దవాళ్ళ క్లాసుకి మళ్ళీ పంపించండి," అంది అవతల క్లినిక్ అమ్మాయి.

కోడలు స్టూలు దిగిందో దూకిందో ఆమెకే తెలియదు. ముందుగదిలోకి పరుగెత్తి వార్త చెప్పింది.

మామగారు పేపరు మడిచి పక్కన పెట్టారు. ముప్ఫై ఒక్క సంవత్సరాలు బడిలో డ్రిల్లు మాస్టారుగా చేసిన మనిషి. ఆయన్ని వీధంతా విజిల్ మాస్టారనే పిలుస్తుంది. ఆరేళ్ళుగా నడుం నొప్పి ఆయన్ని ఆ కుర్చీకి కట్టేసింది. విజిల్ మాత్రం ఇప్పటికీ చొక్కా జేబులోనే ఉంటుంది.

"అక్కర్లేదన్నారా? కోస్తే ఒక్క దెబ్బతో పోయేది," అన్నారాయన నీరసంగా. "ఆ క్లాసు చూశాను కదమ్మా. చేతులు లేపడం, దించడం. ఊపిరి తీయడం, వదలడం. ఊపిరి పుట్టినప్పట్నుంచీ తీస్తూనే ఉన్నాను. కొత్తగా నేర్చుకునేదేముంది?"

బూట్ల తాళ్ళు కట్టుకుంటున్న కొడుకు తలెత్తకుండానే అన్నాడు. "మీరు ఆ క్లాసు చెయ్యలేదు నాన్నా. చేయించారు."

అది నిజం. పోయిన నెల మొదటిరోజే ఆ టీచరమ్మాయి నెమ్మది చూసి ఆయనకు ఒళ్ళు మండింది. జేబులోంచి విజిల్ తీసి, పన్నెండు మంది పెద్దవాళ్ళను రెండు వరసల్లో నిలబెట్టి, వన్ టూ వన్ టూ అంటూ రెట్టింపు వేగంతో చేయించారు. తర్వాత మూడు రోజులు ఆయన మంచం దిగలేదు. ఆ పన్నెండు మందిలో మరో ఇద్దరూ దిగలేదు.

"ఈసారి నేనూ తోడొస్తాను మామయ్యా," అంది కోడలు.

"నీ నడక నాకు తెలీదా? వీధి చివరిదాకా వెళ్ళేలోపు మూడు పిల్లుల్ని పలకరిస్తావు."

"నాలుగు. సందు మొదట్లో కొత్తది చేరింది."

ఆయన నవ్వబోయి ఆగిపోయారు. "నొప్పంటే బద్ధకానికి ముద్దుపేరని పిల్లలకి చెప్పినవాణ్ణి. ఇప్పుడు పదిమందిలో నడుం పట్టుకుని నిలబడమంటారా? ఈ ఇంట్లో ఇంకెవరైనా ఏనాడైనా అబ్బా అన్నారా? మీ అత్తయ్యని చూడు. నేనొక్కణ్ణే ఇలా తయారయ్యాను. నేను రాను. నన్నొదిలెయ్యండి."

వాతావరణం తేలికపరుద్దామని కోడలు వంటింటివైపు తిరిగింది. "వార్త మంచిదే కదా. ఇవాళ మంచి కప్పుల్లో కాఫీ తాగుదాం. ఎక్కడున్నాయి అత్తయ్యా?"

"కింద, బియ్యం డబ్బా పక్కన," అంది వంటింట్లో గిన్నెలు సర్దుతున్న అత్తగారు.

వంటింట్లోకి వెళ్ళి వంగి చూసిన కోడలికి కనిపించింది కప్పులు మాత్రమే కాదు. పప్పుల డబ్బాలు, పెద్ద గిన్నెలు, మందుల పెట్టె, అన్నీ మోకాలెత్తులోనే ఉన్నాయి. పెరట్లో బట్టల తీగ రోజూ తన మొగుడి మెడకు తగలడం, "ఈ తీగ ఏడాదికో జానెడు దిగుతోందే" అని అతను గొణుక్కోవడం గుర్తొచ్చాయి. కప్పులు పట్టుకుని మెల్లగా లేచింది.

"అత్తయ్యా, పై అర నాకోసం ఖాళీ చేశారనుకున్నాను."

"నీకోసమేనే."

"మరి బట్టల తీగ ఎవరికోసం దించారు?"

అత్తగారు గిన్నెలవైపు తిరిగింది. ముందుగదిలో కుర్చీ కిర్రుమంది. నడుం పట్టుకుని, గోడ ఆసరాతో మామగారు గుమ్మందాకా వచ్చారు.

"ఏమిటే? ఏం తీగ?"

"కుడి భుజం," అంది అత్తగారు, గిన్నెలతో మాట్లాడుతున్నట్టు. "ఏడేళ్ళయింది."

"ఏడేళ్ళా? నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే విజిల్ వేస్తారని."

కొడుకు ఒక కాలికి బూటుతో అలాగే నిలబడిపోయాడు.

"ఏదీ, ఎత్తు," అన్నారు మామగారు. ఆమె చెయ్యెత్తింది. అది భుజం దగ్గరే ఆగిపోయింది. మైదానంలో రెండొందల మంది పిల్లలున్నా, మూల వరసలో చెయ్యి సగమే లేపినవాణ్ణి ఇట్టే పట్టేసేవారాయన. పక్కనున్న ఈ చెయ్యిని ఏడేళ్ళుగా చూడలేదు.

"ఒకే బళ్ళో పనిచేశాం," అంది ఆమె నెమ్మదిగా. "పొద్దున్నే కలిసి బయల్దేరేవాళ్ళం. నేను మూల తిరిగేసరికి మీరు గేటు దగ్గరుండేవారు. చంకలో లెక్కల పుస్తకాల కట్టతో మీ వెనక పరుగే. పెళ్ళైన కొత్తలో ఒక్క వారం మాత్రం నా అడుగు చూసుకుని నడిచారు. ముసురు పట్టిన వారం. మనింట్లో ఒక్కటే గొడుగుండేది."

"నల్లది. ఒక ఊచ విరిగింది," అన్నారాయన.

"ఆ విరిగిన వైపు మీరు నడిచేవారు. మీ చొక్కా ఎడమ భుజం రోజూ తడిసేది. తర్వాత జీతం రాగానే రెండో గొడుగు కొనుక్కొచ్చారు. సంతోషించాలో ఏడవాలో నాకు తెలీలేదు."

ఆయన ఆమె దగ్గరికి జరిగారు. గాల్లో ఆగిన ఆ చేతిని రెండు చేతులతో అందుకుని, గాజుసామాను దించినట్టు కిందికి దించారు. కళ్ళద్దాలు మసకబారితే తుడుచుకోలేదు. వానాకాలం ఎప్పుడొస్తుందా అని, కోడలు తన ఇంటాయన వంక ఓరగా చూసింది.

"ఆ టీచరమ్మాయి నెమ్మదిగా, నెమ్మదిగా అంటూంటే చిరాకేసింది," అన్నారు మామగారు చివరికి. "నెమ్మదిగా నడవడం ఒకప్పుడు నాకూ వచ్చు. మర్చిపోయాను."

జేబులోంచి విజిల్ తీసి కోడలి చేతిలో పెట్టారు.

"అమ్మాయ్, దీన్ని నీ సీసాల వెనక, పై అరలో పెట్టు. అక్కడికి మా ఇద్దరికీ చేతులందవు. రేపు ఆరింటికి నేనూ మీ అత్తయ్యా క్లాసుకెళ్తున్నాం. నువ్వు పిల్లుల్ని చూసుకో."

"వాన పడేట్టుంది," అంది అత్తగారు కొంగుతో కళ్ళొత్తుకుంటూ.

"పడినా, పడకపోయినా," అన్నారాయన, "రేపు ఒక్క గొడుగే తీసుకెళ్దాం."