పాదరసం పైథాన్ నేర్చుకున్నాడు

"పైథానా?" అన్నాడతను, ఎవరో తన చేతిలో తాతగారి చేతికర్ర పెట్టినట్టు.

"ఏం, పాము పేరు వినగానే భయమేసిందా?" అందామె.

ఆమె ఆ ఆఫీసులో చేరి అప్పటికి ఒక్క పూటే అయింది. కళ్ళజోళ్ళ షాపు పై అంతస్తులో రెండు గదుల ఆఫీసు. వెబ్‌సైట్లు తయారుచేస్తారు. మేడమ్, ఒక డిజైనర్, అతను. ఇప్పుడు ఈమె.

మేడమ్ పొద్దున్నే ఇద్దర్నీ కూర్చోబెట్టి పని అప్పగించింది. డయాలసిస్ సెంటర్‌కి వెబ్‌సైట్ చెయ్యాలి. పేషెంట్లు తమ వంతు ఫోన్లోనే బుక్ చేసుకోవాలి. మెషీన్ ఖాళీ కాగానే వాళ్ళకి కబురు అందాలి. "ఏ లాంగ్వేజ్, ఏ టూల్స్ అన్నది మీరిద్దరూ తేల్చుకోండి. కొట్టుకోకుండా," అని చెప్పి లేచింది.

కొట్టుకోవడానికి ఎంతోసేపు పట్టలేదు.

"పోయిన నెలే జావాస్క్రిప్ట్‌లో కొత్త ఫ్రేమ్‌వర్క్ ఒకటి వచ్చిందండీ. చూస్తే మతి పోతుంది. పేజీ కదలదు, లోపలివన్నీ నాట్యం చేస్తాయి!"

"రక్తం శుద్ధి చేయించుకోవడానికి వచ్చేవాళ్ళకి నాట్యం ఎందుకండీ? పైథాన్, దాని పాత ఫ్రేమ్‌వర్క్ జాంగో చాలు. లాగిన్, డేటాబేస్ అన్నీ సిద్ధంగా ఉంటాయి. ఎక్కడైనా గొయ్యి ఉంటే, మనకంటే ముందు ఎవరో అందులో పడి లేచి దారి రాసిపెట్టి ఉంటారు. మీ కొత్తదాంట్లో మొదట పడేది మనమే."

"ఎవరో ఒకరు మొదట పడాలి కదా!"

"నిక్షేపంగా పడండి. పేషెంట్లని మాత్రం తోయకండి."

డిజైనర్ తల తిప్పుకుని కిసుక్కుమంది. "పాదరసానికి స్పీడ్ బ్రేకర్ దొరికింది," అంది.

పాదరసం అతని ముద్దుపేరు. కుర్చీలో పట్టుమని పది నిమిషాలు కూర్చోడు. కాఫీ సగంలో వదిలేస్తాడు, మాట సగంలో వదిలేస్తాడు. ఏదైనా కొత్త టూల్ వచ్చిందని తెలిస్తే చాలు, రైలు తనని వదిలేసి వెళ్ళిపోతున్నట్టు కంగారు. కాలు ఆడుతూనే ఉంటుంది. నవ్వుతూ తిరిగే మనిషే గానీ, ఏదీ పూర్తిగా రాదేమోనన్న గుబులు లోపల తొలుస్తూనే ఉండేది.

వాళ్ళ గోల విని మేడమ్ తీర్పు చెప్పింది. "ఎవరికి నచ్చినదాంట్లో వాళ్ళు ఒక చిన్న నమూనా చెయ్యండి. రెండూ సెంటర్‌లో పేషెంట్ల చేతుల్లో పెడదాం. వాళ్ళకి ఏది పనికొస్తే అదే."

ఇద్దరూ పక్కపక్క బల్లల మీద పోటీగా పని మొదలుపెట్టారు. అతను ఏదైనా చూపించబోతే ఆమె కళ్ళజోడు పైనుంచి ఒక చూపు చూసేది. ఆ చూపుకీ ఎర్రర్ మెసేజ్‌కీ పెద్ద తేడా లేదు. రెండూ అతన్ని కుర్చీలో కూలేసేవి.

ఒక మధ్యాహ్నం అతని స్క్రీన్ నిండా ఎర్రటి అక్షరాలు. జుట్టు పీక్కుంటున్నాడు. వెనకనుంచి ఆమె వేలు వచ్చి ఒకచోట ఆగింది.

"ఇక్కడ బ్రాకెట్ మూయలేదు నువ్వు."

బ్రాకెట్ మూశాడు. ఎర్రక్షరాలు పోయాయి. "నువ్వు" మాత్రం అక్కడే ఉండిపోయింది. ఆ రోజు నుంచి ఇద్దరి మధ్యా మీరూ గీరూ లేవు.

తర్వాత అతనికి కొత్త జబ్బు పట్టుకుంది. ఆమె సెలవు పెడితే ఆ పక్క కుర్చీ వైపు చూడటం, కిటికీ దాకా నడవడం, మళ్ళీ వచ్చి చూడటం. ఆమె ఉంటే ఇంకో రకం అవస్థ.

అంతా బాగానే ఉందనుకుంటున్న సమయంలో, మెట్ల మీద నిలబడి అతను వాళ్ళక్కతో ఫోన్లో మాట్లాడాడు. ఆమె కిందనుంచి ఎక్కి వస్తోంది.

"లేదక్కా, ఇక నావల్ల కాదు. మొదట్లో ఎంత ముద్దొచ్చిందో! ఇప్పుడు అయినదానికీ కానిదానికీ అలుగుతోంది. ఏమైందో చెప్పదు. మోజు తీరిపోయింది. వదిలించుకుంటా. వేరే చూసుకున్నాలే."

ఆమె మెట్టు మీదే ఆగిపోయింది. వచ్చిన దారినే కిందికి దిగి, వీధి చివరిదాకా నడిచి తిరిగొచ్చింది.

"ఎక్కడికెళ్ళావు?" అన్నాడతను.

"మీ ఫైల్ పంపించారా?" అందామె.

అతని వేళ్ళు కీబోర్డు మీద ఆగిపోయాయి. పంపించారా? తను ఏం చేశాడు? ఆ రోజంతా ఆమె కళ్ళజోడు పైనుంచి ఒక్కసారి కూడా చూడలేదు. ఆ చూపు లేకపోతే ఇంత వెలితిగా ఉంటుందని అతనికి అప్పుడే తెలిసింది.

రెండు రోజులకి నమూనాలు చూపించే పని పడింది. అతను ఆమెకంటే ముందుగా సెంటర్‌కి వెళ్ళాడు. ఫినాయిల్ వాసన, వరసగా ప్లాస్టిక్ కుర్చీలు, గోడకి టీవీ. చివరి కుర్చీలో ఒక పెద్దాయన కూర్చున్నాడు. పాదాలు వాచి ఉన్నాయి. మొహంలో మాత్రం హుషారు.

"నేను రైల్వే గార్డుగా చేశాను బాబూ. నన్నడుగు, చెబుతా," అంటూ తన ఫోన్ చాపాడు. అద్దం మీద ఒక పగులు.

అతను తన సైట్ తెరిచాడు. పేజీ తెల్లగా వచ్చింది. మధ్యలో చిన్న చక్రం తిరుగుతూ ఉంది. తిరుగుతూనే ఉంది.

"తెల్లజెండా చూపిస్తోంది. లొంగిపోయినట్టేనా?" అన్నాడు గార్డు గారు.

"ఫోన్ పాతది అంకుల్. అందుకే..."

"నేనూ పాతవాణ్ణే. ఫోన్ అయితే మార్పిస్తావు, నన్నేం చేస్తావు?" ఆయన నవ్వి, గొంతు తగ్గించాడు. "పోయినవారం ఇలాగే కబురు కోసం ఫోన్ పట్టుకుని ఇంట్లో కూర్చున్నా. ఇక్కడ మెషీన్ ఖాళీగా ఉందట, నాకు తెలీలేదు. చివరికి ఊపిరాడక పడిపోతే మా అమ్మాయి ఎత్తుకొచ్చినంత పని చేసింది."

చక్రం ఇంకా తిరుగుతోంది. తను ముచ్చటపడి చేసిన నాట్యాలన్నీ ఆ పగిలిన అద్దం వెనకాల ఇరుక్కుపోయాయి.

"నాన్నా, ఇది నొక్కి చూడు," అంటూ ఎవరో వంగి ఆ ఫోన్ అందుకున్నారు. ఆమే!

ఆమె సైట్ సాదాగా, బడి పలకలా ఉంది. కానీ నొక్కగానే తెరుచుకుంది.

"మీ నాన్నగారా? నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే జాలిపడి ఒప్పుకునేవారు. జాలితో టూల్స్ ఎంచుకోకూడదు."

గార్డు గారు ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. "ఇతనేనా అమ్మా పాదరసం? ఇంట్లో రోజూ వాడలా అన్నాడు, వాడిలా చేశాడు అంటావు. ఇక్కడేమిటి, 'మీరు' అంటున్నావు?"

ఆమె మొహం కందిపోయింది. గిరుక్కున తిరిగి బయటికి నడిచింది.

బయట వాన దంచి కొడుతోంది. వరండా దాటి వెళ్ళే వీల్లేదు. అతను వెళ్ళి పక్కన నిలబడ్డాడు.

"నా కోడంతా తీసేస్తున్నాను," అన్నాడు.

"వదిలించుకోవడం మీకు అలవాటేగా."

"అంటే?"

"మెట్ల మీద విన్నాను. అలుగుతోందట, మోజు తీరిందట, వేరే చూసుకున్నారట. ఎవరో గానీ, పాపం."

అతను వరండా స్తంభం పట్టుకుని మరీ నవ్వాడు. "అది ఫ్రేమ్‌వర్కే తల్లీ! నడవదు, ఎందుకు నడవదో చెప్పదు! ఇంకోటి చూసుకున్నా గానీ మార్చే టైమ్ దొరకలేదు!"

"అక్కతో ఫ్రేమ్‌వర్క్ గురించి మాట్లాడతారా ఎవరైనా?"

"మా అక్క కంప్యూటర్ టీచర్! ఉండు, నువ్వే విను." అక్కకి ఫోన్ కలిపి స్పీకర్ నొక్కాడు.

"ఏరా," అంది అక్క, అతన్ని మాట్లాడనివ్వకుండా. "ఆ స్పీడ్ బ్రేకర్‌కి చెప్పావా లేదా? ఆ అమ్మాయి 'మీరు' అందంటూ నా ప్రాణం తోడేస్తున్నావు. చెప్పి చావరా బాబూ!"

అతను గబుక్కున కట్ చేశాడు. ఆమె చేత్తో నోరు మూసుకుంది. కళ్ళలో నవ్వు మాత్రం దాచలేకపోయింది.

"చెప్పాలనే ఉంది," అన్నాడతను. కాలు ఆడించడం ఆపాడు. "కానీ భయం. నా మనసు దేనిమీదా నిలవదు. నాకే నా మీద నమ్మకం లేదు. నీ పక్క కుర్చీలోంచి మాత్రం లేవబుద్ధి కావడం లేదు. ఇది కూడా నాలుగు రోజుల మోజే అయితే నీకు అన్యాయం కదా అని..."

ఆమె చూరు నుంచి కారుతున్న నీళ్ళ కింద చెయ్యి పెట్టింది.

"నాన్నకి జబ్బు మొదలయ్యాక నాకు కొత్తది ఏదైనా గుండెదడే. కొత్త మందు, కొత్త డాక్టరు, చివరికి కొత్త చెప్పులు కూడా. అందుకే పాతవాటినే పట్టుకు వేలాడుతున్నా. నీ పేజీలో మెషీన్ ఖాళీ కాగానే పచ్చగా వెలుగుతుందే, అది నాకు చాలా నచ్చింది. ఒప్పుకోవడానికి మొహం చెల్లలేదు." అతని వైపు తిరిగింది. "నిన్ను మారొద్దని అనను. మారాలనిపిస్తే ముందు నాతో చెప్పు. అంతే."

'చెప్పండి' అనలేదు. అతనికి అది చాలు.

పైథాన్ అతన్ని నానా తిప్పలూ పెట్టింది. ప్రతి లైనూ తిన్నగా వరసలో పేర్చాలంటే పాదరసానికి మాటలా? అయినా కూర్చున్నాడు. ఆమె పక్కన కూర్చుని విసుక్కుంటూనే నేర్పింది. పాత ఫోన్లకి కూడా బరువు కాకుండా ఆ పచ్చ వెలుగును అతని చేతే జావాస్క్రిప్ట్‌లో చిన్నగా రాయించుకుంది. పేజీ ఎంత తేలికైందో చూసి ఇద్దరూ గొప్పలు పోయారు.

సైట్ మొదలైన రోజు గార్డు గారు ఇంటి నుంచే తన వంతు బుక్ చేసుకున్నాడు. మెషీన్ ఖాళీ కాగానే కబురు అందింది. వచ్చి మంచం మీద వాలాడు. నర్సు ఆయన చేతికి సూదులు గుచ్చి వెళ్ళింది. ఏదైనా తేడా వస్తే చూడటానికి ఇద్దరూ లాప్‌టాప్‌లతో అక్కడే కూర్చున్నారు.

"బాబూ," అన్నాడాయన, "మా అమ్మాయి నీకేమైనా చెప్పిందా?"

"లేదంకుల్. దేని గురించి?"

"నాతో చెప్పింది. నువ్వంటే ఇష్టమట. నాకూ అభ్యంతరం లేదు. ఆదివారం మీ అక్కనీ బావనీ తీసుకుని మా ఇంటికి రా. పెద్దవాళ్ళం మాట్లాడుకుంటాం."

అతను ఆమె వైపు తిరిగాడు. ఆమె తల వంచుకుని తెగ టైప్ చేస్తోంది. స్క్రీన్ నల్లగా ఉంది. ఇంకా ఆన్ కూడా చెయ్యలేదు.

"ఆదివారం దాకా ఎందుకు నాన్నా?" అంది తల ఎత్తకుండానే. "శనివారం కూడా మాకు సెలవే."