శుక్రవారం పడిపోయే ల్యాప్‌టాప్

పృథ్వీ చనిపోయిన రోజున గురజాల రోడ్డు మీద అతని బైకు దొరికింది. హెల్మెట్ దొరికింది. చేతి గడియారం నడుస్తూనే దొరికింది. భుజానికి తగిలించుకున్న ల్యాప్‌టాప్ బ్యాగు మాత్రం దొరకలేదు.

గుద్దిన లారీకి నంబరు ప్లేటు లేదు. పోలీసులు యాక్సిడెంట్ అని రాసుకున్నారు. ఇంటెలిజెన్స్ డిపార్ట్‌మెంట్ మరొకటి రాసుకుంది. ఏజెంట్ శ్రీలేఖ ఆ సాయంత్రమే పంపిన రిపోర్టు చాలా చిన్నది. బెల్లంకొండ అవతల కృష్ణ మీద ఉన్న ప్రాజెక్టుకు సెక్యూరిటీ చూసే ఏజెంట్ పృథ్వీ, గేట్ల కంట్రోల్ రూమ్ రహస్యాలను విదేశీ ముఠాకు అమ్మాడు. బేరం చెడి, వాళ్ల చేతిలోనే పోయాడు.

దాని కింద చీఫ్ ఆనందరావు సంతకం పెట్టాడు.

దేశద్రోహి శవం మీద జెండా కప్పరు. పృథ్వీ భార్య శ్యామల మాచర్లలో టీచరు. పదిహేను రోజుల తర్వాత ఆమె స్కూలుకు వెళ్తే, స్టాఫ్‌రూమ్‌లో ఆమె పక్క కుర్చీలో ఎవరూ కూర్చోలేదు.

పృథ్వీతో పదేళ్లు పనిచేసిన ఏజెంట్ జిలానీ విజయవాడ ఆఫీసులో చీఫ్ ఎదుట నిలబడ్డాడు.

"నమ్మకం లేదా?" అన్నాడు ఆనందరావు.

"లేదు సార్. బ్యాగులో ల్యాప్‌టాప్ ఏమైందో తేలనివ్వండి."

"ముఠా పట్టుకుపోయి ఉంటుంది."

"వాళ్ల మనుషులు ఇంకా ఆ రోడ్డు మీద వాకబు చేస్తున్నారు. వాళ్లకీ దొరకలేదు. పడిపోయిన మనిషిని వదిలేసి బ్యాగు పట్టుకుపోయినవాడు ఎవడో ఉన్నాడు. వాడు దాన్ని అమ్ముతాడు. కొన్నవాడు వాడతాడు. వాడితే ఏదో ఒకరోజు చెడుతుంది. పల్నాడులో ఎక్కడ చెడినా రిపేరుకు నరసరావుపేటకే వస్తుంది సార్. అది మా ఊరు. మా నాన్న రేడియో మెకానిక్. నేను అక్కడ కొట్టు పెడితే ఎవరూ అనుమానించరు."

ఆనందరావు ఫైలు మూసి పక్కన పెట్టాడు. "సరే. అది దొరికి, మనవాడు నిర్దోషి అని తేలితే ఫైలు నేనే తిరగరాస్తాను. మాట ఇస్తున్నా."

జిలానీ ఆ మాట పట్టుకుని వెళ్లాడు.

స్టేషన్ రోడ్డులో బోర్డు లేచింది: జిలానీ ల్యాప్‌టాప్ సర్వీస్. బల్ల మీది భూతద్దంలో కెమెరా ఉంది. మల్టీమీటర్‌లో ట్రాన్స్‌మిటర్ ఉంది. ఆఫీసుతో ఫోనులో వాడే కోడ్ మాటలు కొట్లో రోజూ వినపడేవే. 'విండోస్ వేయాలా?' అంటే సరుకు దొరికిందని. 'వద్దు, డేటా కావాలి' అంటే వెంటనే పంపమని.

ఎండాకాలం వెళ్లి వానలు పడ్డాక ఒక ఉదయం ఎరువుల కొట్టు పట్టాభిరామయ్య వచ్చి, చంకలోని ల్యాప్‌టాప్‌ను బల్ల మీద పెట్టాడు.

"ఏందయ్యా ఇది! కొన్నకాడ్నించీ ఫిట్సు వచ్చినోడి మాదిరి పడిపోతంది."

"నీలం స్క్రీన్ వస్తందా బాబాయ్, నల్లగా పోతందా?"

"నీలం. మూతి ముడుచుకున్న బొమ్మొకటి, దాని కింద ఇంగ్లీషులో తిట్లు."

జిలానీ నవ్వాడు. "ఎక్కడ కొన్నావు?"

"మాచర్ల నించి వచ్చే లారీ డ్రైవరొకడు అమ్మిండు. రోడ్డు మీద దొరికిందన్నాడు. దొరికిందో, దొంగిలించిండో నాకెందుకు? చవగ్గా ఇచ్చిండు."

మూత అంచుల వెంట పసుపు, మధ్యలో కుంకుమ బొట్టు. జిలానీ దాన్ని పట్టించుకోలేదు. పేటలో బైకుకూ ఫ్రిజ్జుకూ తూకం యంత్రానికీ బొట్టు ఉంటుంది. వెనకాల సీరియల్ నంబరు స్టికర్ ఎవరో గీకేశారు. అతను మెషిన్ ఆన్ చేసి BIOS సెట్టింగుల్లోకి వెళ్లాడు. స్టికర్ గీకినా అక్కడ నంబరు ఉంటుంది.

పృథ్వీ ఆ రోజు బయటికి తెచ్చిన మెషిన్‌కు ప్రాజెక్టు గేటు రిజిస్టరులో రాసి ఉన్న నంబరు, ఆరు నెలలుగా అతను కంఠతా పట్టిన నంబరు అది.

"రెండ్రోజులు ఉంచిపో బాబాయ్" అన్నాడు జిలానీ.

ల్యాబ్ వాళ్లు సోమవారం తీసుకుని గురువారం తిరిగిచ్చారు. డిస్కులో పట్టాభిరామయ్య లెక్కలు తప్ప ఏమీ లేదు. పాత ఫైళ్లు లేవు, పాస్‌వర్డులు లేవు, వైరస్ కూడా లేదు.

"ఖాళీ" అన్నాడు ఆనందరావు ఫోనులో. "అంతా తుడిచేసి బయల్దేరాడన్నమాట. కొట్టు మూసెయ్, జిలానీ."

"ఏమీ లేని మెషిన్ ఎందుకు పడిపోతోంది సార్?"

"సెకండ్ హ్యాండ్ మెషిన్లు పడిపోతాయి. నెలాఖరు దాకా టైమిస్తున్నా."

ఆ సాయంత్రం శ్యామల ఫోన్ చేసింది.

"అన్నయ్యా, దొరికిందంట గదా?"

"దొరికిందమ్మా."

"ఏముంది అందులో?"

"ఏమీ లేదు."

"ఏమీ లేదంటే, ఆయన ఏమీ చెయ్యలేదనే గదా?"

"వాళ్ల లెక్క అట్లా లేదమ్మా."

ఆమె ఫోను పెట్టేసింది.

జిలానీ తనకు తెలిసిన పద్ధతిలో మొదలుపెట్టాడు. RAM తీసి దాని పిన్నులను రబ్బరుతో రుద్దాడు. ఫ్యానులో దుమ్ము ఊది, ప్రాసెసర్ మీద కొత్త పేస్టు రాశాడు. ఛార్జర్ మార్చాడు. మెమరీ టెస్టు పెట్టాడు, పాసైంది. ఈవెంట్ లాగ్ చూస్తే, మెషిన్ చెప్పకుండా ఆగిందని తప్ప కారణం లేదు. కొట్లో భేషుగ్గా నడిచింది. ఇచ్చి పంపాడు.

మరుసటి వారం అది మళ్లీ వచ్చింది. మళ్లీ భేషుగ్గా నడిచింది. మళ్లీ పంపాడు. మళ్లీ వచ్చింది.

"నీ రిపేరు పాడుగాను!" అన్నాడు పట్టాభిరామయ్య. "పొద్దున్నే కాటాకి, గల్లాపెట్టెకి, దీనికి పూజ చేసి బోణీ చేస్తానా, భోజనాల వేళకి గుడ్లు తేలేస్తది."

"రోజూనా?"

"రోజూ పూజ ఎవడు చేస్తాడ్రా? శుక్రవారం."

"నా దగ్గర ఒక్కసారి కూడా పడలేదే బాబాయ్."

"నీకెట్టా తెలుస్తది? ఆ వేళకి నువ్వు కొట్టు మూసి మసీదుకి పోతివి గదా!"

జిలానీ చేతిలో స్క్రూడ్రైవర్ ఆగింది. కిందటి శుక్రవారం మెషిన్ అతని బల్ల మీదే ఉంది. జుమ్మా నమాజు నుంచి వచ్చేసరికి ఆఫై ఉంది. బ్యాటరీ అయిపోయిందనుకున్నాడు. ల్యాబులో అది ఒక్క శుక్రవారం కూడా లేదు.

తర్వాతి శుక్రవారం మసీదు నుంచి నమాజుకు పిలిచే బాంగు వినిపించింది. పక్క కొట్టు యాసిన్ "రావా భాయ్?" అని పిలిచాడు. "నువ్వు పద" అని జిలానీ షట్టర్ సగం దించాడు. వై-ఫై ఆపేసి, మెషిన్ అడుగు పలక విప్పి, మల్టీమీటర్ కొసలు పట్టుకుని కూర్చున్నాడు. వీధి ఖాళీ అయింది. మసీదు మైకులో ఖుత్బా ప్రసంగం సాగుతోంది.

ఆపేసిన వై-ఫై కార్డులోకి కరెంటు పాకింది. స్క్రీన్ నీలమైంది.

అతను కార్డు ఊడదీసి, పైన ఉన్న కంపెనీ లేబుల్‌ను గోటితో ఎత్తాడు. కింద ఇంకొక చిప్ ఉంది. అది కంపెనీ పెట్టింది కాదు. దాని చుట్టూ ఎండిన పసుపు పేరుకుని ఉంది.

అప్పుడు అన్నీ ఒకదాని వెనక ఒకటి తెలిశాయి. ప్రతి శుక్రవారం అదే వేళకు ఈ చిప్ దొంగతనంగా మేల్కొని ఎవరితోనో మాట్లాడాలి. పట్టాభిరామయ్య చల్లే పసుపు నీళ్లు సందులోంచి దిగి దాన్ని షార్ట్ చేశాయి. మేల్కొన్నప్పుడల్లా అది మాట్లాడలేక మెషిన్ మొత్తాన్ని పడేస్తోంది. ముఠా దీన్ని ఎండకూ దుమ్ముకూ పరీక్షించి ఉంటుంది. శుక్రవారం పూజకు పరీక్షించి ఉండదు.

మరి శుక్రవారం ఆ వేళే ఎందుకు? ఆ వేళకు కుర్చీ వదిలి వెళ్లేది ఎవరు? తనలాంటివాడే. ప్రాజెక్టు కంట్రోల్ రూమ్ ఆపరేటర్ పేరు అల్తాఫ్. అతను నమాజుకు వెళ్లే అరగంటా, మెషిన్లు సప్లై చేసిన కంపెనీ మనిషి ఎవరో ఆ కుర్చీలో కూర్చుంటారని పృథ్వీ ఒకసారి చెప్పాడు. పృథ్వీ రహస్యం అమ్మలేదు. కంట్రోల్ రూమ్‌లోని మెషిన్లలో ఒకదాన్ని అనుమానించి, మర్నాడు ల్యాబుకు ఇద్దామని ఇంటికి తెచ్చుకుంటున్నాడు. దారిలో చంపారు.

జిలానీ ఫోన్ తీశాడు. అంతా విన్నాక ఆనందరావు గొంతు మారింది.

"ఎవరితోనూ అనకు. వరద వస్తోంది, వచ్చే శుక్రవారానికి డ్యామ్ నిండుతుంది. వాళ్లు ఎదురుచూసేది దానికే. ఆ కుర్చీలో ఎవరు కూర్చుంటారో, చెయ్యి కీబోర్డు మీద ఉండగా పట్టుకోవాలి."

"పృథ్వీ ఫైలు సార్?"

"ముందు గేట్లు చూడు."

గురువారం జిలానీ ఎరువుల కొట్టుకు వెళ్లాడు. "బాబాయ్, మెషిన్‌కి పూజ ఎట్టా చేస్తావో ఒకసారి చూపించు."

పట్టాభిరామయ్య అతణ్ణి ఎగాదిగా చూశాడు. "నీకెందుకురా?"

"కస్టమరొకాయన అడుగుతున్నాడు."

"ఉంగరం వేలితో పెట్టాలి బొట్టు. చూపుడు వేలు కాదు! కరెంటు చూసేవాడిలా పొడుస్తావేంది దాన్ని? ఆఁ, ఇప్పుడు చెంబులో పసుపు నీళ్లు. చిలకరించాలి, గుమ్మరించకూడదు."

"గుమ్మరిస్తే?"

"నీకే రిపేరుకి వస్తది."

శుక్రవారం జిలానీ రాజుపాలెం దాటేసరికి వాన పట్టుకుంది. ప్రాజెక్టు దగ్గర కృష్ణ అంచుల దాకా ఎర్రగా నిండి ఉంది. గేట్లన్నీ ఒక్కసారి లేస్తే, కింద అమరావతి దాకా ఒడ్డున ఉన్నవాళ్లకు పరుగెత్తే వ్యవధి ఉండదు.

ప్రాజెక్టు గేటు దగ్గర మెటల్ డిటెక్టర్‌తో అందరినీ వెతుకుతున్నారు. పంచె కట్టుకుని, నుదుట బొట్టు పెట్టుకుని, పూజ పళ్లెం పట్టుకున్న మనిషిని గార్డు నవీన్ దణ్ణం పెట్టి పంపించాడు. పళ్లేన్ని ఎవరూ వెతకలేదు. వెతికినా అందులో పూలు, కుంకుమ, రాగి చెంబు తప్ప ఏమీ దొరకవు.

అల్తాఫ్ టోపీ సర్దుకుంటూ మెట్లు దిగిపోయాడు. జిలానీ పైకెక్కాడు. నవీన్ తలుపు తీసి, "అమ్మా, శుక్రవారం పూజంట" అన్నాడు.

ముందు సెంటు వాసన వచ్చింది. ఆ తర్వాత కుర్చీ తిరిగింది. ముత్యాల రంగు చీర, నల్ల కళ్లద్దాలు, మెడలో కంపెనీ కార్డు. కార్డు మీద వేరే పేరుంది. మనిషి మాత్రం ఏజెంట్ శ్రీలేఖ. పృథ్వీ చనిపోయిన సాయంత్రం రిపోర్టు రాసిన మనిషి.

జిలానీ తల వంచుకున్నాడు. గార్డు ఎదుట పూజ వద్దనడం ఆమెకు కుదరలేదు.

"తొందరగా కానివ్వండి పంతులూ."

అతను గుమ్మానికి బొట్టు పెట్టాడు. ఉంగరం వేలితోనే. స్క్రీన్ మీద గేట్ల వరుస, లేవడానికి సిద్ధమవుతూ, ఒక్కొక్కటే పసుపు నుంచి ఎరుపుకు మారుతోంది. బయట ఎక్కడో మోటారు మూలిగింది. అతను ఫ్యాను స్విచ్‌కు బొట్టు పెట్టి, బల్ల దగ్గరికి వచ్చాడు.

"మెషిన్‌కు వద్దు" అంది ఆమె.

"అసలు దానికేనమ్మా."

చిలకరించలేదు. గుమ్మరించాడు.

పసుపు నీళ్లు కీల సందుల్లోకి దిగాయి. చివరి గేటు గుర్తు ఎరుపుకు మారబోతూ ఆగింది. స్క్రీన్ నీలమైంది. మూతి ముడుచుకున్న బొమ్మ వచ్చింది. కిటికీలోంచి చూస్తే ఒక గేటు బెత్తెడు లేచి, అక్కడే నిలిచిపోయింది.

శ్రీలేఖ కళ్లద్దాలు తీసింది. "జిలానీ! నమాజు మానేశావా?"

"రెండు వారాలు. ఆ టైము పెట్టింది నువ్వే గదా."

ఆమె పెన్ను ఎత్తింది. ఆ పెన్నులోంచి వచ్చేది సిరా కాదని అతనికి తెలుసు. ఇత్తడి పళ్లెం ఆమె మణికట్టుకు తగిలింది. తూటా సీలింగులోకి పోయింది. నవీన్ లోపలికి వచ్చేసరికి గదినిండా కుంకుమ పడి ఉంది. ఎవరి రక్తమోనని ముందు భయపడ్డాడు.

మరునాడు పేపర్లో నాలుగు లైన్లు వచ్చాయి. సాంకేతిక లోపం వల్ల ఒక గేటు స్వల్పంగా కదిలింది, ప్రజలు ఆందోళన చెందనవసరం లేదు.

విజయవాడలో ఆనందరావు చేయి కలిపాడు. జిలానీ చేయి వెనక్కి తీసుకుని అడిగాడు.

"పృథ్వీ ఫైలు సార్."

"శ్రీలేఖ అమ్ముడుపోయిందని కాగితం మీదికి ఎక్కితే, ఆమె రాసిన ప్రతి రిపోర్టూ తిరగదోడాలి. వాటన్నిటి కిందా నా సంతకం ఉంది. ఆమె మన కస్టడీలోనే ఉంటుంది, రికార్డులో మాత్రం విదేశీ ట్రైనింగ్‌కు వెళ్లినట్టు ఉంటుంది. అక్కడితో సరి."

"మాట ఇచ్చారు."

"ఇచ్చాను" అన్నాడు ఆనందరావు. కళ్లజోడు తుడుచుకుని మరో ఫైలు తెరిచాడు.

జిలానీ మాచర్ల వెళ్లాడు. స్కూలు వదిలేదాకా గేటు దగ్గర నిలబడ్డాడు. శ్యామల ఒక్కతే వచ్చింది.

"ఆయన ఏ తప్పూ చెయ్యలేదమ్మా. నా కళ్లతో చూశాను."

"అది నాకు ముందే తెలుసు అన్నయ్యా" అంది ఆమె. "నేను అడిగేది అది కాదు. వాళ్లు ఒప్పుకున్నారా అని."

చిప్ ఉన్న కార్డు ఢిల్లీ వెళ్లింది. ల్యాప్‌టాప్ ఎవరికీ అక్కర్లేదన్నారు. జిలానీ కొత్త కార్డు వేసి పట్టాభిరామయ్యకు ఇచ్చేశాడు. నెల తర్వాత ఆయన కొట్టు ముందు ఆగి, "ఇప్పుడు శుక్రవారం కూడా పడట్లేదురా! నీ రిపేరు కాదు, నా పూజ గొప్ప" అన్నాడు.

"అవును బాబాయ్" అన్నాడు జిలానీ.

ల్యాప్‌టాప్ బాగానే నడుస్తోంది. డిపార్ట్‌మెంట్ ఫైల్లో పృథ్వీ ఇంకా దేశద్రోహిగానే ఉన్నాడు.