ఐదో ఒర

"ఐదో ఒర నేను కుట్టను," అంది రెనా.

కౌంటరు అవతల టోపీ చేత్తో పట్టుకుని నిలబడ్డ వేలన్ టీగ్ వెనక్కి తిరిగి చూశాడు, ఆ మాట ఇంకెవరితోనో అన్నట్టు. వెనక ఎవరూ లేరు. తలుపు అవతల ఎండ, దుమ్ము, అతని పాత ట్రక్కు ఉన్నాయి. అంతే.

"ఎందుకు మేడమ్? తోలు అయిపోయిందా?"

"ఓపిక అయిపోయింది."

వేలన్ ఎర్ర రుమాలు విప్పి చిన్న పిస్తోలు ఒకటి బల్లమీద పెట్టాడు. గుళ్లు తీసేసి ఉంది. వెండి రంగు, పిడికి ముత్యపు చిప్ప అంటించి ఉంది. చూడ్డానికి ముచ్చటగానే ఉంది. రెనా దాన్ని ముట్టుకోలేదు.

"ఇంతకుముందు తెచ్చిన నాలుగింట్లో, నల్లది ఎందుకు?" అని అడిగింది.

"చలికాలానికి. కోటు లోపల, చంక కింద."

"బుల్లిది?"

"ఎండాకాలానికి. చొక్కాలు పల్చన కదా, ఏది పెట్టుకున్నా కనపడుతుంది. అందుకని చీలమండ దగ్గర."

"పొడుగుది?"

"పాములకి. పొలాల్లో పంపులు బాగుచేసేటప్పుడు వంగాలి. రొమ్ము మీద ఉంటే అడ్డం రాదు."

"ఎడమ పక్కన పెట్టుకునేది?"

"ట్రక్కు నడిపేటప్పుడు."

"మరి ఇదో?"

వేలన్ పైకప్పు కేసి చూశాడు. అక్కడ జవాబేమీ రాసి లేదు. "చర్చికి," అన్నాడు.

"అబ్బో! దేవుడి దగ్గరికి వెళ్లేటప్పుడు తుపాకి మార్చుకుని వెళ్తారన్నమాట. ఆయన గుర్తుపట్టొద్దనా?"

సాల్ట్ ఫోర్క్‌లో తాళాలు, పర్సు, తుపాకి తీసుకుని గాని ఎవరూ గడప దాటరు. ఆ మూడింట్లో రెండు పోగొట్టుకునే వాళ్లున్నారు గాని మూడోది పోగొట్టుకున్నవాడు లేడు. అలాంటి ఊళ్లో తుపాకి ఒరలు కుట్టే మనిషి మాటకు విలువ ఉంటుంది. రెనా ప్రూయిట్ మాటకు ఉంది.

"చూడండి మిస్టర్ టీగ్," అంది, సూదికి మైనపు దారం ఎక్కిస్తూ. "ఒకే తుపాకి. ఒకే చోట. ఏడాది పొడుగునా. ప్రాణం మీదికి వచ్చినప్పుడు బుర్ర పనిచెయ్యదు. చెయ్యి పనిచేస్తుంది. దానికి ఒక్క దారే తెలిసి ఉండాలి. మీకేమో సోమవారం చంకలో, మంగళవారం కాలి దగ్గర. ఒకదానికి సేఫ్టీ మీట కిందికి నొక్కాలి, ఇంకోదానికి సేఫ్టీయే లేదు. ఆ క్షణాన మీ చెయ్యి ఎక్కడికని పోతుంది?"

"రోజూ ఒకే బూట్లు వేసుకుంటారా ఎవరైనా?"

"నేను వేసుకుంటాను."

అతను కౌంటరు మీదికి వంగి ఆమె బూట్లు చూశాడు. నిజమే. మడమలు అరిగి, అట్ట మార్చి, మళ్లీ అరిగిన బూట్లు. అతను నవ్వాడు.

రెనాకు చిక్కంతా ఆ నవ్వుతోనే. అది ముందు కళ్లలో వస్తుంది, తర్వాత పెదాల మీదికి దిగుతుంది. ఏడాదిగా ఆ నవ్వు ఈ కొట్లోకి వస్తోంది. ఒరకు కొలతలు ఇవ్వడానికి ఒకసారి, తోలు తడిపి తుపాకి అచ్చు తీసేరోజు ఒకసారి, రంగు చూడ్డానికి ఒకసారి. తీసుకుపోయాక బిగువుగా ఉందని ఒకసారి, వదులుగా ఉందని ఇంకోసారి. వచ్చినప్పుడల్లా ఊరికే కూర్చోడు. కూలర్ బాగుచేశాడు, కుళాయి బాగుచేశాడు, కీచుమనే తలుపు నోరు మూయించాడు. అతను వెళ్లిపోయాక ఆ తలుపు చప్పుడు చెయ్యడం లేదని ఆమెకు దిగులు వేసేది. ఇప్పుడు ఎవరైనా వస్తే ముందుగా తెలియదు మరి.

కాని రెనా దగ్గర మగవాళ్లను కొలిచే కొలబద్ద ఒకటి ఉంది. దాన్ని ఆమెకు ఇచ్చి పోయినవాడు బ్రోడీ కినార్డ్. అతని దగ్గర రోజుకో పిస్తోలు, నెలకో ట్రక్కు, ఊరికో అమ్మాయి. పెళ్లికి ముహూర్తం పెట్టుకున్నాక ఈ మూడో సంగతి తెలిసింది. ఉంగరం పోస్టులో పంపేసింది, లోపల ముక్క రాయకుండా.

రెండో కొలబద్ద ఇంట్లోనే ఉంది. తండ్రి హోరేస్ ప్రూయిట్ నడుముకు రెనా పుట్టకముందు నుంచీ ఒకే రివాల్వర్. భార్య పోయాక అతను ఇంకో ఆడమనిషి కేసి చూడలేదు. ఇంకో తుపాకి కేసీ చూడలేదు. మాటలు కూడా తగ్గించేశాడు.

ఈ వేలన్ ఎటు చూసినా బ్రోడీ లెక్కలోకే వస్తున్నాడు. మనసు మాత్రం ఆ లెక్క ఒప్పుకోవడం లేదు. అందుకే ఫోర్ట్‌వర్త్ నుంచి గుర్రపు జీనులు చేసే పెద్ద కంపెనీవాళ్లు పనికి రమ్మంటే ఆమె వెంటనే సరే అనలేకపోయింది. ఆదివారం లోపల ఏ సంగతో చెప్పాలి.

"శనివారం డాడీ గురి పోటీ పెడుతున్నాడు," అంది. "రండి. ఈ చర్చి పిస్తోలుతోనే రండి. ముందువైపు పెట్టుకునే పాత ఒర ఒకటి అరువిస్తాను. గంట మోగాక మూడు రేకులు పడగొట్టండి. పడ్డాయా, ఐదోది కుడతాను."

"పడకపోతే?"

"ఇంకో కొట్టు చూసుకోండి."

అతని ముఖంలో నవ్వు ఆరిపోయింది. కళ్లలోనే ముందు ఆరింది. రెనా సూది వేలికి గుచ్చుకుంది.

* * *

శనివారం పొద్దుటి నుంచే నైరుతి మూల మబ్బు కూర్చుని ఉంది. వేసవంతా చినుకు లేదు. పత్తి మిల్లు వెనక పాత కంకర గొయ్యి దగ్గర ట్రక్కులు వరసగా ఆగాయి. పొగ పెట్టిన మాంసం వాసన, పెకాన్ పప్పుల మిఠాయి వాసన, వాటి వెనక ఎక్కణ్ణించో తడి మట్టి వాసన. వాన ఎక్కడో పడుతోంది. ఇక్కడికి వస్తుందో రాదో దానికే తెలియదు.

"కళ్లద్దాలు, చెవిమూతలు," అన్నాడు హోరేస్. "తుపాకి ఎత్తకముందే వేలు ట్రిగ్గర్ మీద కనపడిందా, ఇంటికి పంపేస్తాను. మేయరైనా సరే."

"మేయర్ని పోయినసారే పంపేశావు కదయ్యా," అన్నారెవరో.

"అందుకే చెప్తున్నా."

వేలన్ వంతు వచ్చింది. నీలం చొక్కా ఇస్త్రీ చేసుకుని వచ్చాడు. ముందు, బెల్టు బకిల్ పక్కన రెనా ఇచ్చిన ఒర. అందులో ముత్యపు పిడి మెరుస్తోంది. అతను ఒక్కసారి రెనా కేసి చూశాడు. ఆమె మబ్బు కేసి చూసింది.

గంట మోగింది.

వేలన్ చెయ్యి మెరుపులా కదిలింది. కుడి తుంటి వెనక్కి పోయింది. చొక్కా అంచు పక్కకు తోసి, పిడి కోసం మూసుకుంది. అక్కడేమీ లేదు. పిడికిట్లో గాలి.

జనం గొల్లుమన్నారు.

"ఏం బాబూ, ఇంట్లో మరిచిపోయి వచ్చావా?"

"జేబురుమాలు తీస్తున్నాడురా, ముక్కు తుడుచుకోవాలిగా!"

"ఇంకోసారి," అన్నాడు హోరేస్.

గంట మోగింది. చెయ్యి మళ్లీ కుడి తుంటి వెనక్కే పోయింది. అదే వేగం, అదే చోటు. వేలన్ చెవులు ఎర్రబడ్డాయి.

మూడోసారి పళ్లు బిగించి ముందున్న పిస్తోలే తీశాడు. గురి చూసి నొక్కాడు. చప్పుడు లేదు. సేఫ్టీ తియ్యలేదు.

"చర్చి తుపాకి కదా," అని అరిచారు మిఠాయి ముక్కలు కోస్తున్న మిసెస్ ఓట్స్. "ముందు ప్రార్థన చెయ్యాలి నాయనా!"

అందరూ నవ్వారు. రెనా నవ్వలేదు.

ఆమె నాలుగు ఒరలు కుట్టింది. చంక కింద ఒకటి, చీలమండకు ఒకటి, రొమ్ము మీద ఒకటి, ఎడమ పక్క ఒకటి. కుడి తుంటి వెనక పెట్టుకునేది ఒక్కటీ కుట్టలేదు. అయితే ఆ చెయ్యి అక్కడికి ఎందుకు పోయింది? రోజుకో చోట వెతుక్కునే చెయ్యి తడబడుతుంది. ఇది తడబడలేదు. సాయంత్రం ఇంటికి తిరిగొచ్చే ఆవులా తలవంచుకుని ఒకే దారిన పోయింది, రెండుసార్లూ.

కాల్చే గీత దాటి వస్తున్న వేలన్‌కు ఆమె ఎదురు వెళ్లింది.

"వెనక్కి తిరగండి."

"ఏమిటి మేడమ్?"

"తిరగండి అంటున్నాగా."

తిరిగాడు. కుడి తుంటి వెనక అతని బెల్టు నల్లబడి ఉంది. అరచెయ్యంత మేర నునుపు తేలి, లోపలికి వంగి, అంచు అరిగి ఉంది. ఏళ్ల తరబడి ఒకే బరువు, ఒకే చోట, రోజూ ఒరుసుకుంటే గాని తోలు అలా కాదు. మిగతా బెల్టు మీద ఎక్కడా గీత లేదు.

ఇంతలో మిఠాయి ప్లేటు పట్టుకుని లావుపాటి మనిషి ఒకతను ఆయాసపడుతూ వచ్చాడు. వేలన్ బాబాయి డ్యూయీ టీగ్. పక్క కౌంటీలో ఉంటాడు.

"ఒరేయ్ వేలన్! నా నాలుగు తుపాకులూ ఎప్పుడిస్తావురా? అడిగినప్పుడల్లా ఇదుగో అదుగో అంటావు. ఈ ముత్యాలది మీ పిన్నిదిరా, దానికి చెప్పకుండానే పట్టుకొచ్చావు. రేపు చర్చికి కావాలని ఇల్లు పీకి పందిరేస్తోంది!"

వేలన్ కళ్లు మూసుకున్నాడు.

అప్పుడు మొదటి చినుకు పడింది. బొట్టు కాదు, గుప్పెడు. వెంటనే ఇంకో గుప్పెడు. జనం ప్లేట్లు కప్పుకుంటూ పరుగెత్తారు. రెనా ఎటు పరుగెత్తిందో ఆమెకే తెలియదు. తలుపు వేసుకున్నాక చూస్తే వేలన్ ట్రక్కులో ఉంది. పక్కన వేలన్. అద్దాల మీద నీళ్లు జారుతుంటే కంకర గొయ్యి, మిల్లు, ఊరు అన్నీ కరిగిపోయి నీలంగా తేలుతున్నాయి.

"చెప్పు," అంది. 'మీరు' అనే మన్నన పోయింది. కోపంలో పోయింది.

వేలన్ స్టీరింగు పక్కనున్న అర తెరిచి ఒకటి తీసి ఆమె ఒళ్లో పెట్టాడు. పాత ఒర. తోలు నల్లబడి, ఒక పక్క కుట్లన్నీ తెగి, ఇనప తీగతో కట్టి ఉంది. లోపల పాత రివాల్వర్, నీలం రంగు పోయి బూడిదగా మెరుస్తోంది.

"మా తాతయ్యది. నాకున్నది ఇదొక్కటే. మీ కొట్లోకి వచ్చేముందు తీసి ఇక్కడ పెట్టేవాణ్ణి."

"దీన్నెప్పుడూ ఎందుకు తేలేదు? బాగుచెయ్యాల్సింది ఇదే కదా!"

"మొదటిరోజు దీన్ని పట్టుకునే వచ్చాను. మీరు తలుపు దగ్గర తోలు ఆరబెడుతున్నారు. చూశాను. చూశాక ఆలోచించాను. ఇదిచ్చానా, ఒక్క పూట పని. కుట్టేసి ఇచ్చేస్తారు. ఆ తర్వాత నేను ఏ వంక పెట్టుకుని రావాలి?"

వాన పైకప్పు మీద దరువేస్తోంది.

"అందుకని నాలుగు తుపాకులు అరువు తెచ్చావు."

"అవును."

"పాములని చెప్పావు. చలికాలం అని చెప్పావు."

"అవును."

"ఏడాదిగా నిన్ను బ్రోడీ లాంటివాడని తిట్టుకున్నాను, తెలుసా? ఫోర్ట్‌వర్త్ వెళ్లిపోదామనుకున్నాను. నీ తిక్క అబద్ధం వల్ల!"

ఆ మాటకు వేలన్ తెల్లబోయాడు. "వెళ్లిపోతున్నారా?"

అబద్ధం ప్రేమ కోసం ఆడినా అబద్ధమే. దాన్ని ఊరికే వదిలేసే మనిషి కాదు రెనా. కాని ఒళ్లో ఉన్న ఒర మీద ఆమె వేలు తనంతట తానే తిరుగుతోంది, తెగిన కుట్టు నుంచి తెగిన కుట్టుకు.

అద్దం మీద టకటకమని చప్పుడైంది. వేలన్ దించాడు. హోరేస్, టోపీ అంచు నుంచి నీళ్లు కారుతూ.

అతను కూతుర్ని చూడలేదు. ఆమె ఒళ్లో రివాల్వర్ని చూశాడు.

"ఎప్పట్నించి?"

"తాతయ్య పోయినప్పట్నించి సర్."

"ఇంకోటి కొనాలనిపించలేదా?"

"లేదు సర్."

"అబద్ధాలు?"

"ఒక్క మీ అమ్మాయితోనే ఆడాను సర్."

"ఆడకూడని చోటే ఆడావు." హోరేస్ టోపీ మీది నీళ్లు దులిపాడు. "రేపు చర్చి అయ్యాక భోజనానికి రా. దీనితోనే రా. ఆ ముత్యాలది మీ పిన్నికిచ్చి, క్షమించమని చెప్పి రా."

అద్దం ఎత్తమని చేత్తో చూపించి వెళ్లిపోయాడు. పోటీ నియమాలు తప్ప, ఏడాదిలో అన్ని మాటలు అతను ఒకేసారి మాట్లాడగా రెనా వినలేదు.

* * *

సోమవారం కొట్లో తడి మట్టి వాసన ఇంకా పోలేదు. తలుపు చప్పుడు చెయ్యకుండా తెరుచుకుంది. రెనా తలెత్తలేదు. ఎవరో తెలుసు.

"ఫోర్ట్‌వర్త్‌కి ఫోన్ చేశారా?" అడిగాడు వేలన్.

"నిన్ననే చేశాను."

"ఏమన్నారు?"

"చేతిలో పని ఒకటుంది, మధ్యలో వదిలి రాలేనని చెప్పాను."

బల్లమీద పాత ఒర విప్పి పరచి ఉంది. తెగిన దారాలన్నీ ఏరేసి ఉన్నాయి. కొత్త కుట్టు మొదలైంది. అది ఒక్కటే ఉంది.

వేలన్ ఆ ఒక్క కుట్టు కేసి చూశాడు. ఆమె కేసి చూశాడు. "ఇది ఒక్క పూట పని కదా?"

"నీకెవరు చెప్పారు?" అంది రెనా. దారం తీసి, మైనం రాసి, పక్కన పెట్టింది. "ఇది నిదానంగా చెయ్యాల్సిన పని. రోజూ వచ్చి చూసుకోవాలి. కూర్చో. ముందు ఆ తలుపుకి ఏం చేశావో చూడు. మళ్లీ కీచుమనాలి. నువ్వు వస్తున్నట్టు నాకు తెలియద్దూ?"