పదో గల్లీలో టెంపో

హమాలీ సాయిలును బయటికి తీసేసరికే ప్రాణం పోయింది.

కామాఠిపురా పదో గల్లీ. ఉదయం పదకొండు నలభై. వరుస గదుల పాత చాల్ మెట్ల ముందు టెంపో ఆగి ఉంది. ఎడమ చక్రాలు గట్టర్ అంచుకు దిగి, బండి ఆ వైపుకే ఒరిగింది. లోపల ఆరు పొడవాటి అట్టపెట్టెలు కుప్పగా కూలి ఉన్నాయి. విడి భాగాలుగా వచ్చే పెద్ద వార్డ్‌రోబ్‌లు. ఒక్కో పెట్టె ఇద్దరు మోసేంత బరువు.

నలుగురు కలిసి వాటిని పక్కకు లాగి సాయిలును బయటికి తీశారు. అరుగు మీద పడుకోబెట్టారు. ఎవరో దుప్పటి కప్పారు.

"యాక్సిడెంట్," అన్నాడు ఇన్‌స్పెక్టర్ శంకర్రావు. "పెట్టెలకు బెల్టు కట్టలేదు. మలుపులో పెట్టెలు మీద పడ్డాయి. పంచనామా రాయించి ముగించెయ్."

ఆయన జీపెక్కి వెళ్లిపోయాడు.

ఎస్సై మనాలి మాత్రం కదల్లేదు. ఆమె పుట్టి పెరిగింది పక్క గల్లీలోనే. ఈ కేసు తొందరగా ముగిస్తే ఇక్కడ అందరూ ఊపిరి పీల్చుకుంటారు. ఆమెకు నచ్చనిది అదే.

డ్రైవర్ మంగేష్ చెమట తుడుచుకుంటూ నిలబడ్డాడు.

"ఎట్ల జరిగింది?"

"ఫోరస్ రోడ్ టర్నింగ్‌ల ధడేల్‌మని సౌండొచ్చింది మేడమ్. ట్రాఫిక్‌ల ఆపలేకపోయిన. ఈడికొచ్చి తలుపుల కడీ తీసి చూస్తే..."

"సాయిలు ఎక్కడ కూర్చున్నాడు?"

"వెనక, మాల్ దగ్గర."

"బెల్టు?"

"కట్టలే. నేను చెప్పిన, ఇనలే."

"అది అబద్ధం!"

అరిచింది గణేష్. సాయిలు బామ్మర్ది. ఇద్దరిదీ మహబూబ్‌నగర్ జిల్లా, ఒకటే ఊరు. మెట్ల వెడల్పు చూడ్డానికి ఇతను ముందే నడిచి వచ్చాడు.

"మా బావ బెల్టు కట్టకుంట బండి కదలనియ్యడు. నాకు పని నేర్పిందే ఆయన."

"లోడ్ చేసేటప్పుడు నువ్వున్నావా?"

గణేష్ తల దించుకున్నాడు. "లేను."

ఒకడు కట్టలేదంటాడు. చూసినవాడు వీడే. ఇంకొకడు కట్టాడంటాడు. చూడలేదు. మంగేష్ అబద్ధమాడుతున్నాడా? గణేష్ బావ పేరు కాపాడుకుంటున్నాడా?

అంబులెన్స్ డాక్టర్ దుప్పటి సరిచేసి లేచాడు. "పడగానే పోలేదు మేడమ్. ఛాతీ మీద బరువు. ఊపిరాడక పోయాడు. అప్పుడే ఎవరైనా తీసుంటే బతికేవాడేమో."

మనాలి టెంపో ఎక్కింది.

మొదటి పెట్టె అంచు మీద వేలు పెట్టింది. అట్ట లోపలికి నొక్కుకుపోయింది. రెండు వేళ్ల వెడల్పున పల్లం. రెండో పెట్టె చూసింది. మూడోది. ఆరింటికీ ఒకే ఎత్తులో అదే నొక్కు. పల్లంలో నారింజరంగు నూగు అంటుకుని ఉంది.

"మంగేష్, మీ బెల్టు ఏ రంగు?"

"నారింజ," అని ఆగిపోయాడు.

"కట్టని బెల్టుకు ఇంత గుర్తు ఎట్ల పడ్డది?"

మంగేష్ పెదాలు తడుపుకున్నాడు.

"పెట్టెలు కుడి గోడకు నిలబెట్టి, బెల్టు బిగించే వచ్చినవి. మలుపుల పడలేదు. ఈ గల్లీలకు వచ్చినంక పడ్డవి. నువ్వు ఎక్కడున్నవ్?"

"చాయ్ తాగనీకి పోయిన మేడమ్." "తలుపులు తెరిచి, మనుషులొచ్చేదాక ఆగుమని సాయిలుకు చెప్పిపోయిన. వాపస్ వచ్చేసరికి తలుపులు బంద్. కడీ పెట్టి ఉన్నది. ఆయన గూడ చాయ్‌కు పోయిండనుకున్న. అరగంట గట్లనే నిలబడ్డ. బండి ఇడిసి పోయిన్నని తెలిస్తే సేఠ్ పనిలకెల్లి తీసేస్తడు. గందుకే..."

"కడీ నువ్వు పెట్టలేదా?"

"తల్లి తోడు, పెట్టలే."

కడీ అంటే బయటి గొళ్లెం, లోపలున్నవాడు పెట్టుకోలేడు. ఎవరో పెట్టారు. లోపల మనిషి ఉండగానే.

కానిస్టేబుళ్లతో పెట్టెలన్నీ దింపించింది. చివరి పెట్టె లేవగానే గోడ మూలన ఇనుప ముక్క మెరిసింది. బెల్టును బిగించే పిడి. కొక్కెం ఇంకా గోడకే ఉంది. పిడికి జానెడు బెల్టు వేలాడుతోంది. మిగతాది లేదు. కొస సాఫుగా కోసి ఉంది.

ఆమె పిడిని తిప్పి చూసింది. తర్వాత మెట్లకేసి తల తిప్పింది.

"ఇద్దరూ పైకి రండి."

రెండో అంతస్తులో రత్నాబాయి ఉండే ఒంటిగది ఖోలి. వార్డ్‌రోబ్‌లు తెప్పించింది ఆమే. కొడుకు అతుల్ గోడకానుకుని ఉన్నాడు. ఆఫీసు చొక్కా, మెళ్లో ఐడీ కార్డు.

"రా బిడ్డా," అంది రత్నాబాయి. కూర్చోమని మాత్రం అనలేదు.

"అత్తా, గణేష్ వచ్చినప్పుడు ఇంట్ల ఎవరెవరున్నరు?"

"నేను, అతుల్. ఇద్దరమే."

"అతుల్ కిందికి దిగిండా?"

"లేదు," అన్నాడు అతుల్.

"దిగలే," అంది తల్లి, కొంచెం ఆలస్యంగా.

గణేష్ నుదురు చిట్లించాడు. "నేను దర్వాజ కొలిచేటప్పుడు అతుల్ భాయ్ సండాస్‌కు పోతనని పోయిండు కద."

చాల్‌లో అందరి మరుగుదొడ్లూ గ్యాలరీ చివర. వాటి పక్కనే వెనక మెట్లు. మనాలికి చిన్నప్పటినుంచీ తెలిసిన దారి.

ఆమె చేతిలో రెండో బెల్టు ఉంది, టెంపో కేబిన్‌లో దొరికింది. దాన్ని మంచం కోళ్లకు చుట్టి బిగించింది.

"మంగేష్, విప్పు."

అతను పిడి మీది చిన్న రేకును వేలితో లాగి, పిడిని వెనక్కి వాల్చాడు. బెల్టు జారిపోయింది.

మళ్లీ బిగించింది. గణేష్ అలాగే విప్పాడు. రెప్పపాటు పని.

మూడోసారి బిగించింది.

"అతుల్, నువ్వు."

"నాకెందుకు?"

"విప్పు."

అతుల్ పిడిని పైకి లాగాడు. బెల్టు ఇంకా బిగుసుకుంది. కిందికి నొక్కాడు. గోళ్లతో పీకాడు. రాలేదు.

"టెంపోల దొరికిన పిడి ఇంకా బిగించే ఉన్నది," అంది మనాలి. "దాన్నెవరూ విప్పలేదు. కోసిండ్రు. మంగేష్ అయితే విప్పుతడు, గణేష్ అయితే విప్పుతడు. కోసే అవసరం ఎవరికి వచ్చింది అతుల్?"

"నేను కాదు. సబూత్ ఏమున్నది?" అతని గొంతు పెద్దదైంది. "మనాలీ, చిన్నప్పటి సంది నన్ను చూసినవ్! నామీదనా షక్?"

ఆమె మంచం కోళ్లనుంచి బెల్టు విప్పింది. నిజంగానే చిన్నప్పటినుంచి చూసింది.

కిందనుంచి ఏడుపు వినిపించింది. రత్నాబాయి గ్యాలరీలోకి వెళ్లి తొంగి చూసింది. నాగ్‌పాడాలో కట్టుబడి పని చేసే చోటునుంచి సాయిలు భార్య మల్లమ్మను తీసుకొచ్చారు. సిమెంటు అంటిన చేతుల్తోనే మొగుడి ముఖం తడుముతోంది.

రత్నాబాయి చూపు తిప్పుకుంది. లోపలికొచ్చి కొడుకువైపు చూడకుండా బియ్యం డబ్బా పక్కకు జరిపింది. దాని వెనకనుంచి నారింజరంగు బెల్టు తీసి మనాలి చేతిలో పెట్టింది.

"అమ్మా!"

"నువ్వు దాచేటప్పుడు చూసినరా. ఏందో ఎర్కలేక ఊకున్న. మనిషి పోయిండని తెలిసినంక గూడ ఊకున్న."

అతుల్ నేలమీద కూలబడ్డాడు.

"హారన్లు కొడుతుండ్రు. నాకు డ్యూటీకి లేటైతుంది. పెట్టెలు జల్ది దించుదామని పోయిన. 'స్క్రూల సంచి తీస్తున్న, మనుషులు రానీ' అన్నడు సాయిలు. బెల్టు రాకపోతే కత్తితో కోసిన. బండి ఒరిగి ఉండె, ఒక్కసారే అన్నీ పడ్డయి."

"కడీ ఎందుకు పెట్టినవ్?"

అతుల్ ముఖం పక్కకు తిప్పుకున్నాడు.

"అతుల్, ఆయన పిలిచిండా?"

"పిలిచిండు." అతను మోకాళ్లలో తల దాచుకున్నాడు. "'అన్నా' అన్నడు. రెండుసార్లు. నాకు భయమైంది."

గణేష్ ముందుకు ఉరికాడు. మంగేష్ నడుం పట్టుకుని ఆపాడు. "మెట్ల మీదనే ఉన్న కదరా! ఒక్క కేక పెడితే వచ్చేటోన్ని కదరా!" అంటూ గణేష్ ఆ పట్టులోనే ఏడ్చేశాడు.

మనాలి అతుల్ రెక్క పట్టి లేపింది. అతను వెనక మెట్లవైపు నడవబోయాడు. ఆమె ఆపి ముందు మెట్లవైపు తిప్పింది. ఆ దారిలో మల్లమ్మ ఉంది.

ఇద్దరూ కిందికి దిగారు. మల్లమ్మ తలెత్తి పోలీసును చూసింది, చేతికి చిక్కిన మనిషిని చూసింది.

"సార్లు చెప్పిండ్రు, మా ఆయనే బెల్టు కట్టలేదట. నిజమేనా అమ్మా?"

"కాదు," అంది మనాలి, అరుగులన్నింటికీ వినబడేలా. "కట్టిండు. గట్టిగ కట్టిండు."