చనిపోయినవాడి సీటు నుంచి అప్‌లోడ్

జీవానందం చనిపోయి పదకొండు రోజులైంది. అతని కంప్యూటర్ మాత్రం రోజూ మధ్యాహ్నం రెండింటికి డ్యూటీ ఎక్కుతోంది.

“తోటపల్లి గూడూరులో రొయ్యల ఎగుమతి కంపెనీ,” చీఫ్ సుశీల్ కుమార్ ఫైలు ముందుకు తోశాడు. “వాళ్లకే తెలియకుండా ఒక విదేశీ ముఠా అక్కడ గూడు కట్టింది. అక్కడ ఉద్యోగిగా చేరి దాన్ని కనిపెట్టిన మన జీవానందం రొయ్యల గుంటలో శవమై తేలాడు. తీరంలోని మన ఏజెంట్ల లిస్టును అతని కంప్యూటర్ నుంచే రోజుకో ముక్కగా బయటికి పంపుతున్నారు. ఈరోజు ఆఖరి ముక్క. అది అందితేనే ఫైలు తెరుచుకుంటుంది. పేర్లు, ఇంటి అడ్రసులు.”

“నా అడ్రసు కూడానా సార్?” ఇర్ఫానా అడిగింది.

చీఫ్ తలూపాడు. “అక్కడి ఐటీ హెడ్ రెజీనా మన మనిషే. కోడ్ చెబుతుంది.”

కోవూరులో అమ్మ దగ్గర వదిలొచ్చిన మూడేళ్ల కూతురు ఇర్ఫానా కళ్లల్లో మెదిలింది.

నెట్‌వర్క్ ప్లానింగ్ ఇంజనీరు వేషంలో ఆమె ఆ కంపెనీ ఆఫీసులో దిగింది. ఏ సీటుకు ఎంత బ్యాండ్‌విడ్త్ కావాలో రాసుకుంటూ నడిచింది. డౌన్‌లోడ్ రెండు వందల ఎంబీపీఎస్, అప్‌లోడ్ ఇరవయ్యే. వచ్చే దారి వెడల్పు, పోయే దారి ఇరుకు. గుంటల మీది నలభై కెమెరాల వీడియో కూడా ఆ ఇరుకులోనే పోవాలి. ఎవరో వాటి క్వాలిటీ బాగా తగ్గించేశారు. గోడమీది స్క్రీన్లో గుంటలన్నీ పొగ పట్టినట్టున్నాయి.

“ఆ మూల సీటు కాడికి పోబాక మా,” స్వీపర్ ఆదిశేషమ్మ గొంతు తగ్గించింది. “సారు పోయినా అది దానంతటదే ఎలగతా ఉండాది. ఆయనకింకా డ్యూటీ తీరలా.”

రెండైంది. మూల సీటు తెర వెలిగింది. కుర్చీ ఖాళీ. ఇర్ఫానా లాప్‌టాప్‌లో మీటరు చూసింది. అప్‌లోడ్ పద్దెనిమిది. అంతా ఆ సీటు నుంచే. కెమెరాలను ఎందుకు నొక్కిపెట్టారో అప్పుడు తెలిసింది. లాప్‌టాప్‌లో కెమెరాల సెట్టింగ్ తెరిచింది.

మల్లెల సెంటు వాసన వచ్చింది. పట్టుచీరలో రెజీనా వెనక నిలబడింది.

“కొత్త స్విచ్ ఎప్పుడొస్తాది?”

“తడ గోడౌన్‌లో లోడవుతోంది అక్కా.”

“కోడ్ కరెక్టే.” మెడకు పిస్టల్ చల్లగా తగిలింది. “జీవానందం కూడా నన్ను అక్కా అనే పిలిచినాడు. పాపం, గట్టు మీద నిలబడి ఈత రాదన్నాడు. ఇంక నలభై సెకన్లు. వైరు పీకతావా? పీకు. లింకు తెగిందంటే అప్‌లోడ్ దానంతటదే సిమ్ లైనుకు మారిపోతాది.”

“పీకనక్కా. లింకు బతికే ఉండాల.”

ఇర్ఫానా వేలు ఎంటర్ నొక్కింది. నలభై కెమెరాలూ ఫుల్ క్వాలిటీతో ఆ ఇరుకు దారిలోకి ఎగబడ్డాయి. లింకు తెగలేదు, కిక్కిరిసిపోయింది. పన్నెండు సెకన్లు. ఏడు. రెండు.

అంకె ఆగింది. మళ్లీ కదిలింది: మిగిలిన సమయం పదకొండు గంటలు.

రెజీనా చూపు తెరవైపు తిరిగిన ఆ క్షణంలోనే లాప్‌టాప్ ఆమె మణికట్టు మీద పడింది. పిస్టల్ కిందికి జారింది. పావుగంటలో మెరైన్ పోలీసులు రెజీనాకు బేడీలు వేసి, మూల సీటు కంప్యూటరుతో సహా తీసుకెళ్లారు.

గోడమీది స్క్రీన్లో గుంటలు ఇప్పుడు గట్టుమీది గడ్డిపోచలతో సహా కనిపిస్తున్నాయి. జీవానందం తేలిన గుంట దగ్గర ఎవరూ లేరు. లేరని ఇర్ఫానా రెండుసార్లు చూసుకుంది.

భుజం మీద చెయ్యి పడింది. ఉలిక్కిపడి తిరిగింది. ఆదిశేషమ్మ.

“మేనేజరు అరస్తా ఉండాడు మా. నెట్ నత్త మాదిరి నడస్తా ఉందంట. నువ్వొచ్చింది దాన్ని బాగు చేసేదానికే కదా?”