పిన్ని పాస్‌వర్డ్

"మూడింటికి టీవీలో చర్చ. ఈలోగా ఆ వాక్యం పోవాలి," అన్నాడు గూఢచారి విభాగం చీఫ్, తన ఏజెంటుతో.

వాక్యం పెద్దదేం కాదు. ఆన్‌లైన్ విజ్ఞాన సర్వస్వంలో ఒక నాయకురాలి పేజీలో, ఆమె ఓడరేవు నక్షాలు పరాయి దేశానికి అమ్మిందని ఒక విదేశీ ముఠా చేర్చింది. సగం జనం ఆమెను నెత్తిన పెట్టుకుంటారు, మిగతా సగం పేరు వింటేనే మండిపడతారు. అది టీవీలో చదివితే వీధుల్లో తలలు పగులుతాయి. ముఠాలోంచి మనవైపు వచ్చేసిన ముత్యాల దండ సుందరి ఏజెంటుకు ఒకటే సలహా ఇచ్చింది: వాళ్లు పెట్టినప్పుడల్లా తుడిచెయ్యి, ఆగకు.

కొత్త అకౌంట్లను ఆ పేజీ దగ్గరికి రానివ్వరు. ఏజెంటుకు తెలిసిన పాత అకౌంటు ఒక్కటే, పిన్నిది. బాబాయి పోయాక ఆమెకు ఆ పేజీలు దిద్దడమే లోకం. అక్కడ అందరూ ఆమెను టీచరమ్మ అంటారు.

ఎన్నో మారువేషాలు వేసినవాడు ఈసారి సొంత ముఖంతోనే వెళ్లాడు. చిక్కిపోయావంటూ పిన్ని టీ పెట్టింది. ఆమె కంప్యూటర్ తెరుస్తుంటే అతని జేబులోని కెమెరా పెన్ను ఆమె వేళ్లు కొట్టిన పాస్‌వర్డ్‌ను పట్టేసింది. టీ సగంలోనే వదిలేసి లేచాడు.

కిందికొచ్చి, కారులో కూర్చుని పిన్ని అకౌంటుతో వాక్యాన్ని తుడిచాడు. వాళ్లు పెట్టారు. మళ్లీ తుడిచాడు, మళ్లీ పెట్టారు. ఇంకోసారికి నిర్వాహకుల హెచ్చరిక వచ్చింది. పదేపదే తుడిచినందుకు ఈ అకౌంటును ఆపేశాం, కొట్లాట ఆగడానికి కాసేపట్లో పేజీకి తాళం వేస్తున్నాం. తాళం పడేటప్పుడు ఏది ఉంటే అదే నిలుస్తుంది. ఇప్పుడున్నది అబద్ధం. ముత్యాల దండకు ఫోన్ చేస్తే స్విచాఫ్. ఆమె మనవైపు రానేలేదని అప్పుడు అర్థమైంది.

మెట్లెక్కి పిన్నికి అంతా చెప్పేశాడు.

"అడిగితే నేనే చేసిపెట్టేదాన్ని కదరా," అంది.

నాలుగు తిట్టినా బాగుండేదనిపించింది.

"ఆవిడంటే నాకూ ఒళ్లుమంటే. అంతమాత్రాన అబద్ధం రాస్తామా? తుడవడం కాదు, ఆధారం ఏదని అడగాలి."

వాక్యం కింద ఆధారంగా చూపిన పత్రికను వెతికింది. వాళ్లు వేసిన తేదీకి ఆ పత్రిక పుట్టనేలేదు. ఆపేసిన అకౌంటుకైనా తన సొంత చర్చాపేజీలో రాసుకునే వీలుంటుంది. ఆ పత్రిక సంగతి రాసి, కింద ఇంకో ముక్క చేర్చింది: తుడిచింది నేను కాదు, మా అక్క కొడుకు నా పాస్‌వర్డ్ దొంగిలించాడు.

"ఆ ముక్క రాస్తే, వేరేవాళ్ల చేతిలో పడిందని మూసేస్తారు, నీ అకౌంటు ఇక తిరిగిరాదు పిన్నీ."

"రాదు. రాయకపోతే నా మాట ఎవరు నమ్ముతారు?"

చర్చ మొదలయ్యే ముందు క్షణంలో నిర్వాహకులు అది చదివి వాక్యం తీసేశారు, పేజీకి తాళం పడింది. యాంకర్ తన తెరను ఒకటికి రెండుసార్లు చూసుకుని, వాతావరణం గురించి మొదలుపెట్టాడు.

ముత్యాల దండ విమానాశ్రయంలో దొరికింది. చీఫ్ పతకం ఇచ్చాడు. దాన్ని జేబులో పెట్టుకోవడానికి ఏజెంటుకు సిగ్గేసింది. పిన్ని ఇంటికి వెళ్తే, ఆమె కొత్త అకౌంటు తెరుస్తోంది. 'కొత్తవారికి స్వాగతం. చిన్న చిన్న తప్పులు దిద్దడంతో మొదలుపెట్టండి' అంటోంది తెర.

పిన్ని కీబోర్డుకు చెయ్యి అడ్డం పెట్టింది.

"అటు తిరుగు."

దేశ రహస్యాలన్నీ కడుపులో దాచుకున్న ఏజెంటు బుద్ధిగా గోడవైపు తిరిగి నిలబడ్డాడు.