కోరీ తాడు

ఆస్ట్రేలియా దక్షిణ తీరంలోని సెడూనా దాటిన రెండు గంటలకు డెక్లాన్ తారు రోడ్డు వదిలి వ్యానును ఇసుక దారిలోకి తిప్పాడు. నిరుడు ఇదే వ్యానులో, ఇదే తీరం వెంట పెర్త్ దాకా వెళ్దామని నలుగురు స్నేహితులు బయల్దేరారు. ఆ ప్రయాణం ఇక్కడితో ఆగిపోయింది. ఇప్పుడు ముగ్గురే వచ్చారు. నాలుగోవాడు కోరీ. అతని సర్ఫింగ్ బోర్డు మాత్రం వ్యాను కప్పు మీద ఉంది.

"ఈ డొక్కు బండి కూరుకుపోతే తోసేది నువ్వే, టామ్. పోయినసారి నిద్ర నటించి తప్పించుకున్నావు," అన్నాడు డెక్లాన్.

"నువ్వు నడిపితే కూరుకుపోని రోజుందా రా?" అంది టామ్‌సిన్. నవ్వి, కిటికీ వైపు తిరిగింది.

వెనక సీట్లో కోరీ అక్క బ్రిడీ పసుపు పచ్చని వాటిల్ పూల బకెట్టు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

అలల మీద ఆడేవాళ్ళకు కాలికీ బోర్డుకీ మధ్య ఒక ప్లాస్టిక్ తాడుంటుంది. కాలి వైపు అంటించి, ఊడబీకే వెల్క్రో పట్టీ. అల ఎత్తి కుదేసినా బోర్డు దూరం పోకుండా ఆ తాడే ఆపుతుంది. నిరుడు ఆ రోజుకే టామ్‌సిన్ తాడు పగుళ్ళు దేరి ఉంది. పట్టీ దగ్గర ఎప్పుడో నీలం టేపు చుట్టి, తన పేరులో మొదటి అక్షరం రాసుకుంది. కోరీ టీ కాచుకుంటుంటే, అతని కొత్త తాడు విప్పి తను కట్టుకుని, తన పాతది అతని బోర్డుకు తగిలించింది. పది నిమిషాల భాగ్యానికి ఏమవుతుంది, వచ్చాక చెప్పి నాలుగు తిట్లు తిందాం అనుకుంది. ఆ మసక వెలుతురులో కోరీ చూసుకోలేదు. ఎప్పటిలాగే పట్టీని చర్రుమని రెండుసార్లు ఊడబీకి, బిగించుకుని నీళ్ళలోకి పరుగెత్తాడు. సగం తాడుతో బోర్డు ఒడ్డుకొచ్చింది. మనిషి రాలేదు. ఒడ్డుకొచ్చిన సగం మీద టేపు లేదు కాబట్టి ఎవరూ అడగలేదు. టామ్‌సిన్ చెప్పలేదు.

సముద్రంలో పోయినవాడి కోసం ఇక్కడి స్నేహితులు బోర్డుల మీద లోపలికి వెళ్తారు. వలయంగా కూర్చుని, చేతులు పట్టుకుని, ఒక్కొక్కరు అతని గురించి ఒక మాట చెప్పి పూలు వదులుతారు. ఆ మాట ఏం చెప్పాలో టామ్‌సిన్ బయల్దేరిన అడిలైడ్ నుంచీ మనసులో వల్లె వేసుకుంటూ వచ్చింది. నీళ్ళలోకి దిగేటప్పుడు ఆమె కాలికి కట్టుకున్నదీ కోరీ తాడే. దాన్ని పారేయడానికి చేతులు రాలేదు.

తెల్లారింది గానీ పొగమంచు విడలేదు. డెక్లాన్, టామ్‌సిన్ బకెట్టులోంచి చెరో పూలకొమ్మ తీసి మెడ దగ్గర దోపుకుని, బోర్డుల మీద ముందుగా లోపలికి వెళ్ళారు. కుళ్ళిన నాచు వాసన గొంతులో పట్టుకుంది. అలలు విరిగే చోటు దాటాక చప్పుడే లేదు. బోర్డు కింద నీళ్ళు చప్పరించినట్టు కదులుతున్నాయి, అంతే. కుడివైపు నుంచి డెక్లాన్ చెయ్యి అందించాడు. ఎడమవైపు మంచులోంచి ఇంకో చెయ్యి వచ్చింది.

చల్లగా ఉంది. చాలాసేపు నానినట్టు వేళ్ళు ముడతలు పడ్డాయి...

"బ్రిడీ, ఇంత చల్లబడ్డావేంటే?"

టామ్‌సిన్ ఆ వేళ్ళని తన అరచేతిలో ఇముడ్చుకుంది.

"కోరీ," అన్నాడు డెక్లాన్, గొంతు సవరించుకుని. "నా మేజోళ్ళు మూడు జతలు ఎగ్గొట్టావు. పోనీలే, ఉంచుకో."

టామ్‌సిన్ వంతు వచ్చింది. మాట నాలుక చివరి దాకా వచ్చింది. పక్కన వాడి అక్క ఉంది. భయమేసింది.

"కోరీ వండితే... కుక్క కూడా ముట్టేది కాదు," అంది.

ఎడమచెయ్యి బిగిసింది. ఇంకా బిగిసింది. ఎముకలు ఒరుసుకున్నాయి...

"నొప్పి, బ్రిడీ... వదులు..."

వదిలింది. బ్రిడీ వంతు వచ్చినా మాట వినపడలేదు.

"ఏడుస్తోందేమో, ఊరుకో," అని గుసగుసలాడాడు డెక్లాన్. ఇద్దరూ పూలు వదిలి వెనక్కి మళ్ళారు.

వ్యాను పక్కన బ్రిడీ పూల బకెట్టుతో కూర్చుని ఉంది. జుట్టు పొడిగా ఉంది.

"నన్నొదిలేసి పోయారేం? ఆ నీళ్ళు చూస్తే నాకు కాళ్ళాడలేదు," అంది.

డెక్లాన్ తన కుడిచెయ్యి కేసి చూసుకున్నాడు. ఆ చేతిని కూడా ఎవరో పట్టుకున్నారు.

టామ్‌సిన్ కాలిపట్టీ విప్పబోయి ఆగిపోయింది. నీలం టేపు. దాని మీద వెలిసిపోయిన తన అక్షరం. రెండు మూరలు పోయాక తాడు తెగి ఉంది.

బ్రిడీ లేచి వచ్చి చూసింది. తమ్ముడి బోర్డు దించి, దానికి వేలాడుతున్న సగం తాడును దీని పక్కన పెట్టింది. తెగిన చోట రెండూ అతికినట్టు కలిశాయి.

"టామ్, నీ తాడు మావాడి బోర్డుకెలా వచ్చింది?"

"నేనే మార్చాను. వాడికి చెప్పలేదు. మీకూ చెప్పలేదు," అంది టామ్‌సిన్. ఏడాదిగా మోసిన మాట అంత చిన్నది.

బ్రిడీ కొట్టలేదు, తిట్టలేదు. ఆ రెండు ముక్కల్నీ చేతిలోకి తీసుకుంది.

"మరి వాడి తాడేది?"

టామ్‌సిన్ తన బోర్డు తిప్పి చూసింది. తాడు కట్టే చోట ఏమీ లేదు.

అలలు విరిగే చోటుకి అవతల, మంచులో, ఎవరో వెల్క్రో పట్టీ ఊడబీకిన చప్పుడు వినిపించింది.

చర్ర్...

కాసేపాగి, మళ్ళీ ఒకసారి.